రోజుకొక పాస్కల్ మాట: నలుగురితో పంచుకోవడం ఎలా

క్రైస్తవ ఆలోచనాపరుల మాటలు రోజూ పదిమందికి పంపాలని ఉంటే, ముందు ఒక్క మనిషిని ఎంచుకోండి. సోమవారం అగస్టీన్, మంగళవారం కీర్కెగార్డ్, బుధవారం ఇంకెవరో అన్నట్టు పంపితే చదివేవాళ్లకు ఎవరూ పరిచయం కారు. అదే ఒక్క రచయితతో కొన్ని నెలలు గడిపితే ఆయన ఎలా ఆలోచిస్తాడో, దేనికి విసుక్కుంటాడో, ఎక్కడ మోకరిల్లుతాడో మెల్లగా తెలిసొస్తుంది.

నేనైతే బ్లేజ్ పాస్కల్‌తో మొదలుపెట్టమంటాను. రోజువారీ సందేశాల కోసమే రాశాడా అనిపించేంత చిన్న చిన్న తునకలు ఆయనవి. ఇంకో కారణం కూడా ఉంది. ఆయన మాటలు తప్పుగా తిరుగుతున్నంతగా చాలామందివి తిరగవు. ఆయనతో జాగ్రత్తగా మెలగడం నేర్చుకుంటే తర్వాత ఎవరిని ఎంచుకున్నా ఇబ్బంది ఉండదు.

ముందు మనిషిని తెలుసుకోండి

మొదటి మాట పంపడానికి ముందే ఆయన జీవితం ఒక పేజీలో మీ కోసం మీరు రాసి పెట్టుకోండి. 1623 జూన్ 19న ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్‌లో పుట్టాడు. పన్నుల లెక్కలతో సతమతమవుతున్న తండ్రి కోసం ఇరవై ఏళ్లు నిండకముందే లెక్కలు చేసే యంత్రం తయారుచేయడం మొదలుపెట్టాడు. గాలి ఒత్తిడి మీద, శూన్యం మీద పనిచేశాడు. ఒత్తిడిని కొలిచే ప్రమాణానికి నేటికీ ఆయన పేరే. 1654లో ఫెర్మా అనే గణితజ్ఞుడితో ఉత్తరాలు నడిపి సంభావ్యతా గణితానికి పునాది వేశాడు. అదే ఏడాది నవంబర్ 23 రాత్రి ఆయన జీవితం మలుపు తిరిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. జబ్బులతో నలిగి 1662 ఆగస్టు 19న, 39 ఏళ్లకే చనిపోయాడు.

చనిపోయేనాటికి క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ ఒక పెద్ద గ్రంథం రాయాలన్న ప్రయత్నంలో ఉన్నాడు. పెద్ద కాగితాల మీద తోచినవన్నీ రాసుకోవడం, వాటిని కత్తిరించి విషయాలవారీగా దారంతో కుట్టి కట్టలు కట్టుకోవడం ఆయన పద్ధతి. గ్రంథం పూర్తికాలేదు, కట్టలు మిగిలాయి. పోర్ట్ రాయల్ అనే క్రైస్తవ మఠంతో అనుబంధమున్న ఆయన మిత్రులు 1670లో వాటిని తమకు తోచినట్టు సర్ది అచ్చువేశారు. అదే ‘పాన్సే’, అంటే ఆలోచనలు. కాబట్టి మీరు పంపబోయేది చెక్కి నునుపు చేసిన సూక్తి కాదు. ఒక మనిషి తన కోసం గీసుకున్న నోట్సు. కొన్ని వాక్యాలు సగంలోనే ఆగిపోతాయి. కొన్నిచోట్ల మాట్లాడుతున్నది పాస్కలేనా, ఆయన ఊహించుకున్న అవిశ్వాసా అన్నది కూడా తేలదు. ఇది గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

పుస్తకం దగ్గర పెట్టుకోండి, నంబర్లు అర్థం చేసుకోండి

సూక్తులు పోగేసిన సైట్ల జోలికి వెళ్లకండి. అసలు పుస్తకం కావాలి. ట్రాటర్ చేసిన పాత ఇంగ్లిష్ అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెంగ్విన్ వాళ్లు వేసిన క్రైల్‌షైమర్ అనువాదం ఇంకా సాఫీగా ఉంటుంది కానీ దానికి కాపీరైట్ ఉంది. చదువుకోవడానికి వాడుకోండి, దాని వాక్యాలనే రోజూ ఎత్తి పంచిపెట్టకండి. పాస్కల్ ఫ్రెంచ్ మూలం మీద ఎవరికీ హక్కులు లేవు కాబట్టి, రెండు మూడు అనువాదాలు పోల్చి చూసి మీ తెలుగులో మీరు రాసుకోవడమే మంచి దారి.

ఇక్కడ అందరినీ తికమకపెట్టేది నంబర్లు. పాన్సేను కూర్చిన సంపాదకుల్లో ఒకే తునకకు బ్రున్‌ష్విక్ ఒక నంబరు ఇచ్చాడు, లఫ్యూమా ఇంకొకటి, సెలియె మరొకటి. 1897 నాటి బ్రున్‌ష్విక్ కూర్పు విషయాలవారీగా సర్దింది. లఫ్యూమా, సెలియె పాస్కల్ స్వయంగా కట్టిన కట్టల క్రమాన్ని పట్టుకుని వెళ్లారు. ట్రాటర్‌లో బ్రున్‌ష్విక్ నంబర్లు ఉంటాయి, క్రైల్‌షైమర్‌లో లఫ్యూమావి. ‘గదిలో కూర్చోలేకపోవడం’ గురించిన ప్రసిద్ధ తునక బ్రున్‌ష్విక్‌లో 139, లఫ్యూమాలో 136. ఏ లెక్క వాడుతున్నారో ఒకసారి తేల్చుకుని ప్రతి సందేశం కింద ఆ నంబరు వేయండి. చదివేవాళ్లలో ఎక్కువమంది దాన్ని పట్టించుకోరు. పట్టించుకునే ఆ ఒక్కరి కోసమైనా వేయాలి. పైగా నంబరు వేయాలన్న నియమం పెట్టుకుంటే, దొరకని మాటను పంపే అవకాశమే ఉండదు.

చెలామణిలో ఉన్నవాటిని ముందు జల్లెడ పట్టండి

మీ జాబితాలో మొదట చేరేవి ఎలాగూ మీరు ఎక్కడో విన్న మాటలే. వాటితోనే మొదలుపెట్టి ఒక్కొక్కటీ పుస్తకంలో వెతకండి.

‘ప్రతి మనిషి గుండెలో దేవుడి ఆకారంలో ఒక ఖాళీ ఉంది’ అన్నది తీసుకోండి. ఎన్నో ప్రసంగాల్లో పాస్కల్ పేరు మీద వినిపిస్తుంది. ఆ వాక్యం ఆ రూపంలో పాన్సేలో లేదు. ఉన్నది 425వ తునక (లఫ్యూమా 148; ఇక్కడ నేను ఇచ్చే మిగతా నంబర్లన్నీ బ్రున్‌ష్విక్‌వే). అందులో ఆయన అనేది ఏమిటంటే: మనిషికి ఒకప్పుడు నిజమైన సంతోషం ఉండేది, ఇప్పుడు దాని గుర్తు, ఖాళీ జాడ మాత్రమే మిగిలాయి. చుట్టూ కనిపించిన ప్రతిదానితో దాన్ని నింపాలని చూస్తాడు, ఏదీ సరిపోదు. ఎందుకంటే అంతులేని ఆ అగాధాన్ని నింపగలిగేది అంతులేనిది, మారనిది అయిన ఒక్కటే, అంటే దేవుడే. చూశారా, అసలుది ఎంత బరువుగా ఉందో! ‘జాడ’ అన్న ఆలోచన వల్ల అది ఏదెను కథ అవుతుంది. పోగొట్టుకున్నవాడి దుఃఖం అందులోకి వస్తుంది. తిరుగుతున్న వాక్యంలో ఆ పతనమూ లేదు, ఆ దుఃఖమూ లేదు.

‘దీన్ని కుదించి రాసే తీరిక లేక పొడుగ్గా రాశాను’ అన్న చమత్కారం ఎవరెవరి పేరు మీదో తిరుగుతుంది. అది పాస్కల్‌దే. కానీ పాన్సేలో ఉండదు. జెసూయిట్‌లనే క్యాథలిక్ సన్యాసుల సంఘం మీద మారుపేరుతో రాసిన ‘ప్రొవిన్షియల్ లేఖల్లో’ పదహారోదానిలో, 1656 డిసెంబర్ నాటిది. (జెసూయిట్‌లను అంత ఉతికి ఆరేసిన మనిషిని, 400వ జయంతి నాడు, 2023 జూన్ 19న, జెసూయిట్ సభ్యుడే అయిన పోప్ ఫ్రాన్సిస్ ఒక అపోస్తలిక లేఖ రాసి మెచ్చుకున్నాడు. చరిత్రలో ఇలాంటి ముచ్చట్లు అరుదుగా దొరుకుతాయి. ఏదో ఒక రోజు ఇదే పంపండి.)

మాట నిజమే అయినా అర్థం తలకిందులై తిరిగేవి ఇంకో రకం. ‘హృదయానికి దాని కారణాలు దానికున్నాయి, బుద్ధికి అవి తెలియవు’ అన్నది (277) ప్రేమ కవితల పక్కన కనిపిస్తుంది. ఆ వెంటనే వచ్చే తునక చదవండి: దేవుణ్ణి తెలుసుకునేది హృదయం, బుద్ధి కాదు, విశ్వాసం అంటే ఇదే అంటాడు. మరోచోట (282) కాలం, స్థలం, చలనం, సంఖ్య ఉన్నాయని మనకు తెలిసేది కూడా హృదయం వల్లే అంటాడు. అంటే పాస్కల్ చెప్పే హృదయం ఉద్వేగం కాదు. నిరూపణ అక్కర్లేకుండా తెలిసిపోయే మొదటి సత్యాలను పట్టుకునే శక్తి. ప్రేమికులకు అభ్యంతరం చెప్పక్కర్లేదు గానీ, మీరు పంపేటప్పుడు పక్క తునక కూడా జోడించండి.

ఒక మాటను దగ్గరగా చూడటం

ఆ గది మాటనే తీసుకుందాం. ‘మనుషుల కష్టాలన్నీ ఒకే ఒక్క దానినుంచి వస్తాయని కనిపెట్టాను: ఒక గదిలో నిమ్మళంగా ఉండటం చేతకాకపోవడం.’ ఇక్కడితో ఆపి పంపేవాళ్లే ఎక్కువ. అలా పంపితే అది ధ్యానం నేర్పే వాళ్ల ప్రకటనలా తయారవుతుంది: కళ్లు మూసుకోండి, ప్రశాంతంగా ఉండండి, టెన్షన్ పోతుంది.

పాస్కల్ అక్కడ ఆగలేదు. ఎందుకు కూర్చోలేం అని మళ్లీ అడిగాడు. కూర్చుంటే మన బలహీనత, రాబోయే చావు గుర్తొస్తాయి. వాటిని సూటిగా చూస్తే దేనితోనూ ఓదార్పు దొరకదు. అందుకే జూదం, వేట, యుద్ధం, పెద్ద పదవులు. వేటకు వెళ్లేవాడికి కుందేలు ఊరికే ఇస్తామంటే వద్దంటాడు. కుందేలు వాడి కంటిముందు నుంచి చావును తప్పించలేదు, వేట తప్పిస్తుంది. జూదగాడికి ఆ రోజు గెలవగలిగినంత సొమ్ము పొద్దున్నే చేతిలో పెట్టి ‘ఇక ఆడకు’ అనండి, వాడిని దుఃఖపెట్టినట్టే. పోనీ, డబ్బు లేకుండా ఉత్తినే ఆడమన్నా వాడికి విసుగే. రాజును కూడా వదల్లేదు పాస్కల్: చుట్టూ కాలక్షేపం లేకపోతే రాజు కూడా కష్టాలతో నిండిన మామూలు మనిషే.

ఇదంతా ఒక్క రోజులో పంపలేరు. వారం పాటు పంపండి. మొదటి రోజు గది, రెండో రోజు ‘ఎందుకు కూర్చోలేం?’ అన్న ప్రశ్న, ఆ తర్వాత కుందేలు, జూదగాడు, రాజు. ఒక పెద్ద తునకను అలా విప్పడం, ఏడు వేర్వేరు సూక్తులు పంపడం కంటే చాలా మేలు. మర్నాడు ఏమొస్తుందో అని చదివేవాళ్లు ఎదురుచూస్తారు.

సందేశం ఎలా కట్టాలి

మూడు భాగాలు చాలు: మాట, ఆ మాట ఏ సందర్భంలోదో చెప్పే చిన్న వివరణ, చివర ఒక ప్రశ్న. వివరణ ఎప్పుడూ మాటకంటే పొడుగు కాకుండా చూసుకోండి. ఇదొక నమూనా:

‘మనం ఎప్పుడూ ఇప్పటి కాలంలో నిలవం. గడిచినదాన్ని తలుచుకుంటాం, రాబోయేది మరీ ఆలస్యమవుతోందని దానికి ఎదురెళ్తాం. అలా మనం ఎప్పుడూ బతకం, బతుకుతామని ఆశపడుతూ ఉంటాం. సుఖపడటానికి ఎప్పుడూ సిద్ధమవుతూనే ఉంటాం కాబట్టి, ఎన్నటికీ సుఖపడకపోవడం ఖాయం.’ (పాస్కల్, పాన్సే, బ్రున్‌ష్విక్ 172)

మనది అని చెప్పుకోగలిగింది ఈ ఒక్క రోజే, దాని గురించే ఆలోచించం అంటాడు ఇదే తునకలో. ‘ఏనాటికీడు ఆనాటికి చాలును’ అన్న మత్తయి 6:34 పక్కన పెట్టుకుని చదవండి.

ఈ రోజు చేయాల్సిన ఏ పనిని, ఏ మనిషిని ‘తర్వాత’ అని పక్కన పెట్టారు?

అంతే. దీనికి ముందు ‘ప్రియమైన దేవుని బిడ్డలారా’ అని ఒక పేరా, తర్వాత ‘ఆమెన్ అని టైప్ చేయండి’ అని ఇంకో పేరా అక్కర్లేదు. పదిమందికి పంపితే దీవెన వస్తుందని అసలే రాయకండి. పాస్కల్ జూదగాడి గురించి రాసింది అప్పుడు మనకే తగులుతుంది. ప్రశ్న వేసేటప్పుడు జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉన్న ప్రశ్న వేయకండి, చదివేవాళ్లకు తెలిసిపోతుంది. ఇతరులు చెప్పిన కారణాలకంటే తాము కనిపెట్టిన కారణాలకే మనుషులు ఎక్కువగా లొంగుతారని పాస్కలే అన్నాడు (10). ప్రశ్న పని అదే.

తెలుగు చేసేటప్పుడు గ్రాంథికంలోకి జారకుండా చూసుకోండి. బైబిల్ వచనం పాత అనువాదంలోనే ఉండనివ్వండి, చెవికి అలవాటైన లయ అది. పాస్కల్ మాట మాత్రం మీరు మాట్లాడే భాషలో ఉండాలి. బొమ్మల విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు: తెల్లని నేపథ్యం, నల్లని అక్షరాలు, ఫోన్‌లో చదవగలిగినంత సైజు.

ఏ వరుసలో పంపాలి

వరుస గురించి పాస్కలే ఒక చీటీ రాసిపెట్టాడు (187). మనుషులకు మతం అంటే చిన్నచూపు, ద్వేషం, అది నిజమేమోనన్న భయం. కాబట్టి మొదట అది బుద్ధికి విరుద్ధం కాదని చూపించాలి, గౌరవం కలిగించాలి. తర్వాత దాన్ని ప్రేమించదగినదిగా చేసి, ఇది నిజమైతే బాగుండు అని మంచివాళ్లు అనుకునేలా చేయాలి. నిజమని చూపించడం ఆ తర్వాతే. రోజువారీ సందేశాలకు ఇంతకంటే మంచి ప్లాన్ నాకు తెలియదు.

అంటే మొదటి వారాల్లో మనిషి గురించిన తునకలు రావాలి. ‘మనిషి ఒక రెల్లు, ప్రకృతిలో అన్నిటికంటే బలహీనమైనది, కానీ ఆలోచించే రెల్లు’ (347) తో మొదలుపెట్టండి. ఆ తర్వాత గది, కాలక్షేపం. ‘మనిషి దేవదూతా కాదు, పశువూ కాదు; దేవదూతలా ఉండబోయినవాడు పశువులా తయారవడమే దౌర్భాగ్యం’ (358) అన్నది విశ్వాసం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ సమానంగా గుచ్చుకుంటుంది. క్రీస్తు గురించిన తునకలు వీటి తర్వాత వస్తే వాటి బరువు తెలుస్తుంది. మొత్తానికే రాకపోతే మాత్రం మీరు పంపుతున్నది పాస్కల్‌ను కాదు. అన్ని మతాలవాళ్లూ ఉన్న గుంపు కదా అని క్రీస్తు పేరు కత్తిరించి పంపేవాళ్లున్నారు. అలా కత్తిరించాల్సి వస్తే ఆ రోజుకు వేరే తునక వెతుక్కోండి.

పందెం వాదన (233) తో మాత్రం మొదలుపెట్టకండి. దేవుడున్నాడని పందెం కాస్తే పోయేదేమీ లేదు అన్న రెండు ముక్కల్లో అందరికీ తెలుసు కాబట్టి, పంపగానే గుంపులో వాదన మొదలవుతుంది. నిజానికి అది పొడుగైన సంభాషణ, చివరికి పాస్కల్ ‘ఈ మాటలు అంటున్నవాడు ముందూ వెనకా మోకాళ్ల మీద ఉన్నవాడు’ అంటాడు. అది చదివి జీర్ణించుకున్నాక, ఒక వారం కేటాయించి పంపండి.

క్రైస్తవ సంవత్సరాన్ని కూడా వాడుకోండి. శ్రమల దినాల్లో ‘యేసు లోకాంతం వరకు వేదనలో ఉంటాడు, ఆ కాలమంతా మనం నిద్రపోకూడదు’ (553) అన్నది పెట్టుకోండి. నవంబర్ 23 ఆయన ‘అగ్ని రాత్రి’. 1654లో ఆ రాత్రి సుమారు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా తనకు జరిగినదాన్ని ఒక కాగితం మీద రాసుకున్నాడు: ‘అగ్ని. అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు. తత్వవేత్తల, పండితుల దేవుడు కాదు.’ కొంచెం కిందకు వస్తే: ‘ఆనందం, ఆనందం, ఆనందం, ఆనందబాష్పాలు.’ ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక కోటు లోపలి గుడ్డలో కుట్టి ఉన్న ఆ కాగితం ఒక పనివాడి కంటపడింది. ఆ రోజు వివరణ, ప్రశ్న లేకుండా కాగితంలోని మాటలు మాత్రమే పంపండి.

ఎప్పుడు పంపకూడదు

గుంపులో ఎవరింట్లోనైనా మరణం జరిగితే ఆ వారం జాబితాను పక్కన పెట్టండి. ‘మిగతా నాటకం ఎంత బాగున్నా చివరి అంకం రక్తసిక్తమే’ (210) అన్నది గొప్ప వాక్యమే, కానీ అప్పుడు చదవాల్సింది కాదు. జబ్బుతో ఉన్నవాళ్లకు, జబ్బును మంచికి వాడుకునే కృప కోసం పాస్కల్ రాసుకున్న ప్రార్థన ఒకటి ఉంది. దాన్ని గుంపులో పెట్టకుండా, అడిగి, ఆ ఒక్కరికే పంపండి.

ఇతర మతాల గురించి, యూదుల గురించి ఆయన రాసుకున్న తునకలూ ఉన్నాయి. అవి పదిహేడో శతాబ్దపు వాదోపవాదాల్లోవి. చదవండి, దాచకండి, ఎవరైనా అడిగితే ఉన్నాయని ఒప్పుకోండి. పొద్దున పూట నాలుగు లైన్లలో పంపడానికి మాత్రం పనికిరావు. దీనికి ఎదురుగా, విశ్వాసుల గుంపులోనే పంపాల్సినది ఒకటుంది: ‘మతవిశ్వాసంతో చేసేటప్పుడు చేసినంత పూర్తిగా, అంత ఉల్లాసంగా మనుషులు ఇంకెప్పుడూ చెడు చేయరు’ (895). మతాన్ని తిట్టడానికి దీన్ని వాడేవాళ్లే ఎక్కువ. రాసింది మాత్రం ప్రార్థనాపరుడే.

జవాబులు వస్తే

కొన్నాళ్లకు ఎవరో ఒకరు విభేదిస్తారు. ‘అంతులేని ఈ ఆకాశాల శాశ్వత నిశ్శబ్దం నన్ను భయపెడుతోంది’ (206) అన్నది పంపారనుకోండి. ‘దేవుణ్ణి నమ్మినవాడికి భయమేంటి?’ అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ మాట పాస్కల్ తన గురించి అన్నాడా, దేవుడు లేని మనిషి నోట పెట్టాడా అన్నదానిపై పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ సంగతి చెప్పండి, మీకేమనిపిస్తోందో చెప్పండి, అక్కడ ఆపండి.

గట్టిగా వాదించేవాళ్లతో ఎలా మాట్లాడాలో కూడా ఆయనే చెప్పాడు (9). ఎదుటివాడు విషయాన్ని ఏ వైపు నుంచి చూస్తున్నాడో ముందు గమనించాలి. ఆ వైపు నుంచి చూస్తే అతను చెప్పేది మామూలుగా నిజమే అయి ఉంటుంది. ఆ నిజాన్ని ఒప్పుకుని, అతనికి కనిపించని వైపు చూపించాలి. తప్పు చేశావంటే మనుషులు నొచ్చుకుంటారు గానీ, అన్నీ చూడలేదంటే నొచ్చుకోరు.

ఎవరైనా విడిగా మెసేజ్ చేసి ‘మొత్తం పుస్తకం చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని అడిగితే, మొదటి పేజీ నుంచి చదవమనకండి. ట్రాటర్ అనువాదం లింకు పంపి, 139 దగ్గర తెరవమనండి. అది నచ్చితే 425, ఆ తర్వాత 553. ఈ మూడూ అయ్యాక ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి.